కాలు తీస్తే ఆగిపోయే బండి

"కాలు తియ్యకు బిడ్డా, గట్లనే పట్టు" అన్నాడు మెకానిక్ జానీ. ముఖం కనిపించలేదు, మా ట్రాలీ బండి ఎత్తిన బానెట్ అడ్డం. ఆ మాట నాతో అన్నాడా బండితో అన్నాడా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది, నన్ను బిడ్డా అని ఎందుకంటాడు, ఏ నోటితో అంటాడు, కానీ డ్రైవరు సీట్లో ఉన్నది నేనే, యాక్సిలరేటర్ మీద ఉన్నది నా కుడికాలే. చాలాసేపటి నుంచి ఉంది, పిక్క బిగుసుకుపోయింది. కొంచెం సడలిస్తే చాలు, ఇంజిన్ చప్పుడు మెల్లగా దిగిపోతుంది, దానంతటదే లేస్తుంది, మళ్ళీ దిగుతుంది, ఊపిరాడని మనిషిలా మూడుసార్లు రొప్పి ఒక్క కుదుపుతో ఆగిపోతుంది. పది నెలలుగా ఇంతే. పరుగు మీద ఉన్నంతసేపు ఏ రోగమూ లేదు, లోడు లాగుతుంది, ఎత్తు ఎక్కుతుంది, నిలబడమంటేనే దానికి చేతకాదు. వారం కింద పత్తిచేలో కలుపుకు పోయే పద్దెనిమిది మంది ఆడవాళ్ళను ఎక్కించుకొని బాపు ఊరి ముందరి ఎత్తు మీద, ఎదురొచ్చే లారీకి దారి ఇద్దామని కాలు తీశాడు. ఇంజిన్ ఆగింది. ఇంజిన్ ఆగితే బ్రేకు పెడలు దిగకుండా రాయిలా బిగుసుకుంటుంది, బాపు రెండు కాళ్ళతో తొక్కేలోపు బండి వెనక్కి దొర్లి మట్టికట్టకు ఆనుకుంది. ఆ పద్దెనిమిది మందిలో మా అమ్మ నర్సింగమ్మ ఒకతె. ఎవరికీ ఏమీ కాలేదు, ఒక సద్దిగిన్నె మాత్రం కిందపడి సొట్టపోయింది. ఇంటికొచ్చాక అమ్మ కాళ్ళు కడుక్కుంటూ ఒకే మాట అంది, "జానీ తాన్కి తీస్కపో. లేకుంటె నేనీ బండెక్క." బాపు మాట్లాడలేదు. నేను పొయ్యి ముందర ఉన్నాను, నేనూ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు, దాన్ని అందరూ నా మంచితనం అనుకుంటారు.

మా బాపు పేరు జంగయ్య. ఇప్పుడు షెడ్డు ముందర చేతులు వెనక్కి కట్టుకొని, బండి వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒక్కడే రావడానికి ముఖం చెల్లక దామోదర్ మామను తోడు తెచ్చుకున్నాడు. మామ అమ్మకు తమ్ముడు, ట్రాక్టరు తోలుతాడు, నోరు ఊరుకోదు. పాత టైరు మీద కూర్చొని, "ఏం జానీ, గంత చెవి పెట్టి ఇంటున్నవ్, కడుపుల బిడ్డ తన్నుతున్నదా?" అన్నాడు. తనే నవ్వాడు. జానీ నవ్వలేదు. "స్లో స్క్రూ ఎవలో కిందిమీద చేసిండ్రన్నా" అన్నాడు బాపుతో. "ఎవలో ఏంది, నలుగురు చేసిండ్రు" అన్నాడు బాపు రోడ్డుకే చెబుతున్నట్టు. కాలు పెట్టనప్పుడు ఇంజిన్ ఎంత నిదానంగా తిరగాలో ఆ స్క్రూ చెబుతుంది, దేవరకొండలో ఇద్దరూ కల్వకుర్తిలో ఒకరూ హాలియాలో ఒకరూ రోగం దొరక్క దాన్నే ఇటొకసారి అటొకసారి తిప్పి పంపారు. జానీ దాన్ని తిప్పలేదు. చేతి వెనకభాగం ఒక్కో పైపు మీద ఆనించి చూస్తున్నాడని ఆయన మోచేయి కదలడాన్ని బట్టి తెలుస్తోంది. బానెట్‌కూ డ్యాష్‌బోర్డుకూ నడుమ సందులోంచి నాకు కనిపించేది ఆ మోచేయి ఒక్కటే, చొక్కా చేయి మడత, దాని మీద నల్లటి గ్రీజు, ఆ మడత కింద దారంతో వేసిన కుట్టు. ఎవరు వేశారో నాకు తెలుసు. తెలుసని గుర్తురాగానే కళ్ళు తిప్పుకున్నాను. కళ్ళు తిప్పితే షెడ్డు కనిపిస్తుంది, అది ఇంకా కష్టం. పోయిన ఏడాది ఇక్కడ మూడు జీపులు, రెండు ట్రాలీలు వరసగా నిలబడి ఉండేవి. ఇప్పుడు మా బండి తప్ప ఒక మోపెడ్ ఉంది, పంక్చరు చూసే నీళ్ళ తొట్టి ఉంది, ఆ తొట్టి కొత్తది. ఇంజిన్లు విప్పే మనిషి పంక్చర్లకు దిగాడు. షెడ్డు వెనక నీలం పర్దా అట్లాగే ఉంది. పర్దా వెనక ఇల్లు, ఇంట్లోంచి కుట్టుమిషన్ చప్పుడు, గడగడగడ సాగి ఆగుతుంది, మళ్ళీ సాగుతుంది. మేం వచ్చినప్పుడు కూడా సాగుతూనే ఉంది. జానీ భార్య ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

బండి రిపేరుకు ఇస్తే ఇంటి మనిషి ఒకరు దగ్గర కూర్చోవాలి, మా వైపు అందరూ అంతే. మంచి సామాను విప్పుకొని పాతది బిగిస్తారని భయం. కూర్చోవడంతో సరిపోదు, ముందే ముద్రలు కూడా వెయ్యాలి, కొందరు పెయింటు చుక్క పెడతారు, కొందరు మేకుతో గీత గీస్తారు, మా ఇంట్లో నా గోళ్ళరంగు. దేవరకొండ అంగడిలో కొనుక్కున్న గులాబీరంగు సీసా, నా గోళ్ళకంటే బండికే ఎక్కువ ఖర్చయింది. చుక్కలు పెట్టేదాన్నీ నేనే, కాపలా కూర్చునేదాన్నీ నేనే. బాపు ఎక్కడికి పోయినా చెప్పేవాడు, మా అండాలు మాట్లాడది గని అన్నీ చూస్తది, దాని కన్ను తప్పి చీమ పోదు అని. నిజమే. మేక కుంటకముందే దాని కాలు తేడా నాకు తెలిసేది, బత్తాయి తోటలో ఏ చెట్టు ఆకు ముందు వాడుతుందో తెలిసేది, బడిలో సారు బెత్తం ఎత్తకముందే ఎవరి వంతో తెలిసేది. డిగ్రీ అయి ఇంట్లో కూర్చున్న పిల్లకు ఇంతకన్నా పేరు ఏముంది. అందుకే పోయిన కార్తీకంలో, బండి పొద్దున పూట స్టార్టు కావడానికి మొరాయిస్తుంటే, డీజిలును సన్నగా చిమ్మే నాజిళ్ళు నాలుగూ కడిగించాలని ఇక్కడికి తెచ్చి, బాపు నన్ను కూర్చోబెట్టి తను మార్కెట్‌కు పోయాడు. "జర కదలకుండ చూడు బిడ్డా" అన్నాడు. ఎనిమిది గంటలకు కూర్చున్నాను. వీధంతా మగవాళ్ళు. వెల్డింగు, టైర్లు, బ్యాటరీలు, జీపు డ్రైవర్లు, ఆటోవాళ్ళు, ఎవరూ ఏమీ అనలేదు, అందరూ చూసీ చూడనట్టు ఉన్నారు, అయినా ఆ వీధిలో నా ఓణీ ఒక్కటే రంగుగా ఉన్నట్టు అనిపించింది. పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదు. అది కూడా బడి నేర్పిన చదువే, మా బడిలో ఆడపిల్లల దొడ్డికి తలుపు ఉండేది కాదు, ఇంటి దగ్గర ఒక గ్లాసు నీళ్ళు తాగితే మళ్ళీ సాయంత్రం బెల్లు కొట్టాకే, పదేళ్ళు అట్లా బిగపట్టిన ఒళ్ళు ఇది. అయినా పదకొండు దాటాక నావల్ల కాలేదు. కాళ్ళు దగ్గరకు లాక్కొని, ఎడమ కాలు మీద కుడికాలు వేసి, మళ్ళీ మార్చి, బస్టాండు ఎంత దూరమో లెక్కవేసి, అక్కడిదాకా నడవగలనా అనుకుంటూ…

"బంద్ చెయ్ బిడ్డా" అన్నాడు జానీ. తాళం తిప్పాను. చప్పుడు ఆగగానే కుట్టుమిషన్ గట్టిగా వినిపించింది. ఆయన ఒక నీళ్ళ బాటిల్లో డీజిలు పోసి, బానెట్ కొక్కేనికి తలకిందులుగా వేలాడదీసి, దాని గొట్టం తిన్నగా పంపుకు తగిలించాడు. "ట్యాంకి వద్దు, ఫిల్టర్ వద్దు. ఉట్టి బాటిల్ మీద చూద్దాం" అన్నాడు. "దవాఖానల సెలైన్ పెట్టినట్టున్నది" అన్నాడు మామ. ఈసారి బాపు పెదవి కొంచెం కదిలింది. "కొట్టు" అన్నాడు జానీ, కొట్టాను. "కాలు తియ్." తియ్యబోయి ఆగాను, పది నెలల అలవాటు, కాలు తీస్తే పోతుంది కదా. "తియ్యమ్మా" అన్నాడు. తీశాను. ఇంజిన్ దిగింది, దిగి అక్కడే నిలబడింది. ఊగలేదు. టకటకమని ఒకే తీరుగా, పక్కింట్లో ఎవరో అల్లం దంచుతున్నట్టు. బాపు మొదటిసారి బండి వైపు తిరిగాడు. "రోగం ఇంజిన్‌ల లేదన్నా" అన్నాడు జానీ. "నాజిల్‌ల లేదు. పంపుల లేదు. డీజిల్ వచ్చే తోవల ఉన్నది. ఎక్కడ్నో గాలి పీలుస్తున్నది." నాజిల్‌ల లేదు. ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు, నొక్కి అనలేదు, దాంట్లో నిష్ఠూరం నేను వెతికాను, దొరకలేదు, దొరికితే బాగుండేది.

ఆ కార్తీకం రోజు నన్ను చూసింది ఆమె, జానీ భార్య. పర్దా కొంచెం తొలగించి, "ఏందమ్మా, ఒక్కతివే గట్ల ముడుసుకొని కూసున్నవ్? లోపలికి రా" అంది. వద్దు అన్నాను. "సిగ్గెందుకు, నేనూ ఆడిదాన్నే గద" అంది, చెయ్యి పట్టుకొని లేపింది. ఆమె పేరు హుస్సేన్‌బీ. రేకు తలుపు బాత్రూం, ఆకుపచ్చ మగ్గు, అరిగిన సబ్బు మీద ఇంకో సబ్బు ముక్క అంటించి ఉంది. బయటికి వచ్చాక నాకు ఏడుపు వచ్చినంత పని అయింది, ఒళ్ళు అంత తేలికైంది. చాయ ఇచ్చింది. ఉడకబెట్టిన పల్లీలు కొంగులో పోసింది. చిన్నపిల్ల గౌనుకు కుచ్చులు కుడుతోంది, కుచ్చు ఎట్లా పడుతుందో చూడు అని చూపించింది, దారం ఎక్కించి పెట్టమంది, నీ కండ్లు మంచియి అంది. నేను ఆ రోజు ఆమెతో ఎంత మాట్లాడానో, ఇంట్లో వారం రోజులకు కూడా అంత మాట్లాడను. మా మేక సంగతి చెప్పాను, టీచరు ట్రైనింగుకు రాసి సీటు రాని సంగతి చెప్పాను, ఇంట్లో ఎవరికీ చెప్పని మాట, మళ్ళీ రాద్దామని ఉందని కూడా చెప్పాను. బండి గుర్తుకే రాలేదు. అరగంట. అరగంటకు ఎక్కువే ఉంటుంది కానీ నేను నాకు చెప్పుకునేటప్పుడు కూడా అరగంట అనే చెప్పుకుంటాను. తిరిగి వచ్చి టైరు మీద కూర్చునేసరికి జానీ నాజిళ్ళు కడిగి గుడ్డ మీద ఆరబెట్టాడు. ఆ వెనకనే బాపు, మామ వచ్చారు. మామ ఒక్కో నాజిల్ తిప్పి చూశాడు. "బావా, రెండిటికి ముద్ర లేదు" అన్నాడు.

"పెట్రోల్ల ఏసి తీగబ్రష్ కొట్టిన, పొయ్యుంటయ్" అన్నాడు జానీ. "రెండిటియే పోయినయా? మిగిలిన రెండిటియి బతుకమ్మ లెక్క మెరుస్తున్నయ్ గద" అన్నాడు మామ. ఎదుటి షెడ్డు నుంచి ఒకరు, జీపు దిగి ఇద్దరు, ఆటోవాళ్ళు, ఇట్లాంటి మాట వినిపిస్తే జనం ఎక్కడి నుంచి వస్తారో తెలియదు. బాపు నా వైపు తిరిగాడు. "అండాలూ, నువ్వు పొద్దట్నుంచి ఈడ్నే ఉన్నవ్ గద?" అందరూ నన్ను చూశారు. పది పన్నెండు మంది మగవాళ్ళు. లోపలికి పోయాను అంటే ఎందుకు అంటారు, ఎందుకంటే ఏం చెప్పాలి, ఆ మాట నోటితో అనగలనా, అందరూ నేను అక్కడ కూర్చున్నట్టు ఊహించుకోరా. "ఉన్న" అన్నాను. అంతే, ఆ ఒక్క మాటతో వెనకదారి మూసుకుపోయింది. "మరి ఈయన సామాన్ పట్టుకొని పర్దా ఎనకకు గిట్ల పోయిండా? యాద్ చేస్కో." ఆ అరగంటలో ఆయన ఏం చేశాడో నాకు తెలియదు. తెలియదన్నది ఒక్కటే నిజం. కానీ ఇక్కడే ఉన్న మనిషికి, దాని కన్ను తప్పి చీమ పోదన్న మనిషికి తెలియకపోవడం ఏమిటి. పోలేదు అనొచ్చు, అది కూడా చూడని మాటే, కానీ దానితో ఎవరికీ నష్టం లేదు, అది ఎందుకు రాలేదో పది నెలలుగా వెతుకుతున్నాను. బాపు నా ముఖంలోకి చూస్తున్నాడు, నేను ఏదో చూసి ఉంటానన్న నమ్మకంతో, ఆ నమ్మకానికి ఏదో ఒకటి ఇవ్వాలి, నా మనసులో పర్దా మెదులుతోంది, దాన్ని ఎత్తి లోపలికి నడిచిన నడక మెదులుతోంది, నా నడకను తీసి ఆయన కాళ్ళకు తగిలించాను. "పోయిండు" అన్నాను. అప్పుడే పర్దా కదిలింది. హుస్సేన్‌బీ నేను తాగిన గ్లాసు చేతిలో పట్టుకొని నిలబడింది, నోరు తెరిచింది. "నువ్వు లోపలికి నడువ్" అన్నాడు జానీ, ఆమెను చూడకుండానే, నేనెప్పుడూ వినని కఠినమైన గొంతుతో. తర్వాత బాపుతో మెల్లగా అన్నాడు, "సరే అన్నా. నీ బిడ్డ చూసిందంటే చూసింది." దొంగ అన్న మాట మామ అన్నాడు. బాపు అనలేదు, కానీ కాదనలేదు.

జానీ మాట నిజమని వారం తిరగకముందే నాకు తెలిసింది. ఒక పాత బోల్టుకు రెండు పక్కలా గులాబీ చుక్కలు పెట్టి, ఆరనిచ్చి, పెట్రోలులో వేసి పాత బ్రష్షుతో రుద్దాను. ఒక పక్క గట్టిగా రుద్దితే పోయింది, ఇంకో పక్క మెల్లగా రుద్దితే నిలిచింది. దొడ్లో కూర్చొని ఆ బోల్టు చేతిలో పట్టుకొని ఎంతసేపు ఉన్నానో, అమ్మ పిలిస్తే పల్లేరుకాయల్లోకి విసిరేశాను. అప్పుడైనా చెప్పొచ్చు. అప్పటికే మామ ఆ ముచ్చటను ట్రాక్టరు పోయిన ప్రతి ఊరికీ తీసుకుపోయాడు, బత్తాయి లోడింగు దగ్గరా, కల్లు కాంపౌండు దగ్గరా, జానీ నాజిల్ మారుస్తడట, జంగయ్య బిడ్డ కండ్లార చూసిందట. నా కళ్ళకు ఊళ్ళలో అంత పేరు. ఆ తర్వాత బండి ఏ మెకానిక్ దగ్గరికి పోయినా ముందు రోజు మామ వచ్చి చెప్పేవాడు, ఒక్క చుక్క కాదు కోడలా, గట్టిగ పూయి, బోల్టు చుట్టూత పూయి, విప్పితే పగలాలె. పూశాను. మాట్లాడని పిల్లను కదా. గులాబీ అయిపోతే ఎరుపు, ఎరుపు అయిపోతే మెరూన్.

"ఇగ చూడండ్రి" అన్నాడు జానీ. ఈసారి బాటిలు తీసేసి, ఫిల్టరుకూ పంపుకూ నడుమ లోపల కనిపించే ప్లాస్టిక్ గొట్టం ముక్క వేశాడు. నేను మళ్ళీ కాలుతో తొక్కి పట్టాను. ఆయన గొట్టాన్ని ఎత్తి చూపిస్తే సందులోంచి నాకూ కనిపించింది, పసుపుపచ్చటి డీజిలులో సన్న సన్న బుడగలు, పూసలు గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఫిల్టరు ముందర గొట్టం వేస్తే బుడగ లేదు, ఫిల్టరు దాటాక ఉంది. "ఫిల్టర్ బోల్టు కాడ" అన్నాడు. "బంద్." ఆపేశాను. నా పొత్తికడుపు రాయిలా ఉంది. పొద్దున ఆరింటికి బయల్దేరాం, ఇప్పుడు పదిన్నర దాటింది. ఈ రోజు కూడా నీళ్ళు తాగలేదు, అయినా సరే. అడగను. ఆ పర్దా దాటి ఆ రేకు తలుపు వెనకకు ఏ ముఖంతో పోతాను, బస్టాండుకూ పోను, ఇక్కడే బిగపట్టుకొని కూర్చుంటాను, ఇది నాకు నేనే వేసుకున్న శిక్ష అనుకుంటే కొంత గొప్పగా కూడా అనిపించింది, వెంటనే ఆ గొప్పకు ఇంకా సిగ్గువేసింది.

జానీ బోల్టు విప్పాడు. దాని కింద ఉండే రాగి వాషరును వేలి మీద పెట్టుకొని వెలుగులోకి వచ్చాడు. బానెట్ పక్కన, నాకు సరిగ్గా ఎదురుగా. బ్లేడుతో గీకాడు. ముందు మెరూన్ పెచ్చు లేచింది, దాని కింద ఎరుపు, అన్నిటికన్నా అడుగున గులాబీ. "నేల్ పాలిష్" అన్నాడు. "విప్పినప్పుడల్ల పగిలి వాషర్ కింద చేరింది. మళ్ళ బిగిచ్చిండ్రు, మళ్ళ పూసిండ్రు. వాషర్ సక్కగ కూసోలే. గా సందుల కెళ్ళి గాలి పీలుస్తున్నది." బాపు దగ్గరికి వచ్చి వంగి చూశాడు. ఏ రంగు ఏ ఊరిదో నేను చెప్పగలను. గులాబీ దేవరకొండది, దాని మీద ఎరుపు కల్వకుర్తిది, మెరూన్ హాలియాది, మేం నమ్మని మనుషులందరూ వరుసగా ఉన్నారు దాంట్లో. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు వెనక్కి దొర్లింది ఈ రంగు వల్ల. "ఓరి నీ, మన పోరి సోకే బండిని పట్టింది" అన్నాడు మామ, నవ్వి నవ్వి దగ్గాడు. బాపు కూడా నవ్వాడు. నవ్వి, జానీ భుజం మీద చెయ్యి వేయబోయి, మధ్యలోనే తీసుకొని, "పోనీ తియ్ జానీ, గా నాజిల్ ముచ్చట ఇగ మర్సిపోదాం. మనసుల పెట్టుకోకు, నేనూ పెట్టుకోను" అన్నాడు. క్షమించాడు. మా బాపు ఆయనను క్షమించాడు. జానీ కొత్త వాషరు చిమటాతో పట్టుకొని గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చాడు, అట్లా కాలిస్తే రాగి మెత్తబడి సందు లేకుండా అంటుకుంటుంది, నీళ్ళలో వేస్తే చుయ్‌మంది. ఆ చుయ్ తర్వాత షెడ్డులో ఎంత నిశ్శబ్దం అంటే అప్పుడు చెప్పి ఉండాల్సింది, ఎవరైనా చెప్పేవాళ్ళు అప్పుడే చెబుతారు. నేను స్టీరింగు మీది కుట్లు లెక్కపెట్టాను.

బోల్టు బిగించి, ఫిల్టరు మీది గుండీని బొటనవేలితో నొక్కి నొక్కి గాలి తీశాడు. "కొట్టు బిడ్డా." కొట్టాను. రెండు దగ్గులు దగ్గి అందుకుంది. కాలు బలంగా తొక్కాను. "చాలు, ఇగ కాలు తియ్" అన్నాడు. తియ్యలేదు. తీస్తే నిలబడుతుంది. నిలబడుతుందని నాకు తెలుసు, బుడగలు లేవు, గొట్టంలో డీజిలు అద్దంలా ఉంది. నిలబడితే పని అయిపోతుంది, బానెట్ దించుతారు, బాపు స్టీరింగు పడతాడు, మామ దారి పొడుగునా గోళ్ళరంగు మీద జోకులు వేస్తాడు, రేపటికి ఆ జోకు ఊళ్ళన్నీ తిరుగుతుంది, జానీ దొంగ అన్న మాట మాత్రం ఎక్కడిది అక్కడే ఉంటుంది, మర్సిపోదాం అన్నాం కదా. "కాలు తియ్యమ్మా, ఎందుకు గంత రేసు?" ఇంజిన్ అరుస్తోంది. ఈ అరుపులో నేనేం చెప్పినా ఎవరికీ వినబడదు. పెదవులు కదిపి చూశాను కూడా, నిజంగానే నాకే వినబడలేదు. ఎంత హాయిగా ఉంది అట్లా. బాపు కిటికీ దగ్గరికి వచ్చి, "ఏమైందే?" అని అరిచాడు. బాపు ముఖంలో గాబరా. ఆ ముఖమే, ఆ రోజు నన్ను నమ్మిన ముఖమే.

కాలు తీశాను.

చప్పుడు దిగి, అక్కడ నిలబడింది. టకటకటక. కుట్టుమిషన్ కూడా ఆగింది, ఎందుకో. "బాపూ, గా రోజు నేను ఈడ లేను" అన్నాను. గొంతు నేను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "ఏ రోజు?" అన్నాడు బాపు. "నాజిల్‌ల రోజు. బాత్రూంకు పోయిన. గీళ్ళింట్లకే పోయిన. గీమెనే తీస్కపోయింది. చాయ తాగిన. చానసేపు లోపల్నే ఉన్న. ఈయన లోపలికి పోవుడు నేను చూళ్ళే. అవద్దం చెప్పిన." ఎదుటి వెల్డింగు మనిషి కళ్ళకు పెట్టుకున్న అద్దం పైకెత్తి చూశాడు. మోపెడ్ కోసం వచ్చినాయన చూశాడు. "ఏందే కోడలా, బాత్రూం ముచ్చట బజార్ల చెప్తవా, సిగ్గు శరం లేదా" అన్నాడు మామ, నిజంగానే ఆయనకు సిగ్గేసింది, తల కిందికి వేశాడు. "నాజిల్ ముచ్చట ఊరూరు తిరిగి చెప్పినవ్ గద మామా" అన్నాను. "గిది గూడ చెప్పు. ఒక్క ఊరు ఇడ్సిపెట్టకు."

బాపు కిటికీ రేకు పట్టుకున్న చెయ్యి తియ్యలేదు. నన్ను కాదు, జానీని చూశాడు. "నీకు ఎర్కేనా?" "ఎర్కే అన్నా." "మరి గప్పుడే చెప్పొద్దా? ఒక్క మాట అంటే అయిపోతుండె." జానీ గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటున్నాడు. "ఏమని చెప్పాలె? నీ బిడ్డ మా బాత్రూంల ఉండె అని, గంత మంది మొగోళ్ళ నడుమ చెప్పాల్నా?" అన్నాడు. "నాకూ ఆడివిల్ల ఉన్నది." బాపు తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. మా బాపు చేతులు అట్లా ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నేను చెప్పేస్తే ఏదో దిగిపోతుందనుకున్నాను, ఒళ్ళు తేలికవుతుందనుకున్నాను, ఏమీ దిగలేదు, ఉన్నది ఉన్నట్టే ఉంది, పైగా ఇప్పుడు బాపుది కూడా వచ్చి కలిసింది.

పర్దా తొలిగింది. హుస్సేన్‌బీ మెడలో టేపు వేసుకొని ఉంది, పంటి మధ్య సూది. పోయిన ఏడాదికన్నా చిక్కింది. సూది తీసి కొంగుకు గుచ్చుకొని, నా దగ్గరికి కాదు, బండి దాకా వచ్చి ఆగింది. నేను తలుపు తీసి దిగాను. కుడికాలు తిమ్మిరెక్కి నిలవలేదు, తలుపు పట్టుకున్నాను. నేను నిలబడ్డ తీరు చూసి ఆమెకు తెలిసిపోయింది. ఆమెకు అది ఎప్పుడైనా తెలుస్తుంది.

"ఎప్పట్నుంచి ఆపుకున్నవ్?" అంది.

"పొద్దట్నుంచి."

"పో. తోవ ఎరికే గద." గొంతులో మెత్తదనం లేదు. పక్కకు జరిగి దారి ఇచ్చింది. నేను పిన్నీ అనబోయాను. "నాతోటి మాత్రం మాట్లాడకు" అంది. ఇంకో వైపు చూస్తూ, "ఇయ్యాల్టికి" అంది.

షెడ్డు మధ్యలోంచి నడిచాను. వెల్డింగు మనిషి చూస్తుండగా, మోపెడ్ మనిషి చూస్తుండగా, మామ తల ఎత్తకుండా ఉండగా, బాపు పక్కనుంచి, జానీ పక్కనుంచి, పరుగెత్తకుండా, అందరూ నడిచినట్టే నడిచి, పర్దా ఎత్తి లోపలికి పోయి రేకు తలుపు గొళ్ళెం పెట్టుకున్నాను. గోడ అవతల ఇంజిన్ ఎవరి కాలూ లేకుండా నిదానంగా తిరుగుతోంది. అంత చిన్న చప్పుడు దేన్నీ దాచదు. నేను ఎక్కడికి వచ్చానో వాళ్ళందరికీ తెలుసు.